తేలని కానుక

జూన్ 5, తెల్లవారుతుండగా

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. దేవుడి దయవల్ల నీ కూతురు గువ్వకి ఈ వానల్లో జలుబు కూడా చెయ్యలేదు.

ఇన్నేళ్ళూ ఆదివారం ఫోన్‌తో సరిపెట్టుకున్న మనిషి ఇవాళ కలం ఎందుకు పట్టిందా అనుకుంటావు. ఫోన్‌లో మాట్లాడితే గువ్వ వింటుందిరా. ఈ ఇంటి గోడలు నీకు తెలుసుగా, వంటగదిలో చెంచా పడితే ముందుగదిలో ఉలిక్కిపడతాం. మెట్ల మీదకి వెళ్ళి మాట్లాడదామంటే అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు చెప్పులు విడుస్తూ ఉంటారు. ఈ సంగతి మాత్రం దాని చెవిన పడకూడదు. అందుకని నిన్న ఆసుపత్రి నుంచి వస్తూ పెన్నూ కాగితాలూ కొనుక్కొచ్చాను. కొట్టువాడు, "పిల్లలకా అమ్మా?" అన్నాడు. "అవును, పిల్లకే" అన్నాను. అబద్ధం కాదుగా.

సంగతేమిటంటే, ఆగస్టు ఇరవైకి దానికి పద్దెనిమిదేళ్ళు నిండుతాయి. మూడేళ్ళ పిల్లప్పుడు మరదలు పోయాక నువ్వు దాన్ని నా ఒళ్ళో కూర్చోబెట్టి వాతావరణ కేంద్రం కొలువుకని కొండెక్కావు. ఇప్పుడు అది తలుపు గడప దాటేటప్పుడు తల కాస్త వంచుతోంది. ఇన్ని పుట్టినరోజులూ ఒక కొత్త గౌనుతోనో, పెన్సిళ్ళ పెట్టెతోనో గడిచిపోయాయి. ఇది అలా పోనిచ్చేది కాదు. ఎంత పెట్టాలి, ఏం కొనాలి? మా ఆసుపత్రి కుట్టుగదిలో అడిగాను. నాకు ఎదురు మిషన్ ఆవిడ, ఒక నెల జీతం మొత్తం పెట్టాలంది. తలగడ గలీబులు కుట్టే ఆవిడ, అసలేమీ పెట్టొద్దు, ఒకసారి మొదలెడితే మనవళ్ళ దాకా ఆగదు అంది. మేట్రన్ అయితే, పిల్లనే అడగండి అని తేల్చేసింది. పిల్లని అడిగితే ఇంక కానుకేముంది!

నా మనసులో ఒకటుంది. వీధి మలుపులో వాచీల కొట్టు కిటికీలో చిన్న వాచీ ఉంది. తెల్లటి ముఖం, ముదురాకుపచ్చ పట్టీ. నా చేతికి అందే ధరే. నీకేమనిపిస్తుందో రాయి.

మొన్న ఒక కల వచ్చింది. గువ్వ తెల్లటి దుప్పటి మీద కూర్చుని వీధిలో పోతోంది. దుప్పటి నేలకి తగలడం లేదు. నేను మిషన్ దగ్గర కూర్చుని ఆ దుప్పటి అంచే కుడుతున్నాను. అది మలుపు తిరిగి కనపడకుండా పోయినా నా సూదిలోంచి దారం సాగుతూనే ఉంది. తెగుతుందేమోనని కాలు ఆపలేదు. లేచాక కూడా పాదం కదులుతోంది.

ప్రార్థన అయ్యాక వంటగది బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. పెదాలు కదపకుండా నాకు రాయడమూ రాదు, చదవడమూ రాదు. బళ్ళో నువ్వు వెక్కిరించేవాడివి, గుర్తుందా? యాభై వచ్చినా అంతే. తలుపు తీసే ఉంది. గువ్వ దుప్పటి మొహం మీదికి లాక్కుని, ఒక కాలు బయటపెట్టి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది.

జవాబు ఇంటికి రాయకు. ఆసుపత్రి కుట్టుగదికి రాయి.

నీ అక్క


జూన్ 14, కొండ మీద నుంచి

అక్కకి నమస్కారం.

నీ ఉత్తరం వారానికొచ్చే జీపులో బియ్యం బస్తా మీద కూర్చుని వచ్చింది. డ్రైవరు దాన్ని రెండు చేతులా పట్టుకుని, "మీకూ ఉత్తరాలు రాసేవాళ్ళున్నారా సార్?" అన్నాడు. ఉన్నారయ్యా, అక్క ఉంది, అన్నాను. ఆ రోజంతా గాలి లెక్కలు తప్పు రాశాను.

ఇక్కడ వానాకాలం ఎలా ఉంటుందో నీకు ఎప్పుడూ చెప్పలేదనుకుంటా. మబ్బు కిటికీలోంచి లోపలికొస్తుంది. కాసేపు నా మంచం మీద కూర్చుంటుంది. నేను లాంతరు వెలిగించేలోగా చెప్పకుండా లేచిపోతుంది. దుప్పటి తడుముకుంటే కూర్చున్నచోట చెమ్మ. కాగితం కూడా అంతే, పొద్దున రాసిన మాట సాయంత్రానికి పాకి పక్క మాట మీద పడుకుంటుంది. అర్థం కానిచోట నువ్వే పూరించుకో.

తెల్లవారగానే నా పని బెలూన్ వదలడం. దాని తోకకి చిన్న పెట్టె కడతాం, పైన ఎంత చలో ఎంత తడో అది చెబుతుంది. చేతిలోంచి వదిలాక పది మూరలు కూడా కనపడదు. తాడు జారిన గుర్తు మాత్రం అరచేతిలో ఉంటుంది. ఆ వేళకే నువ్వు అక్కడ గొణుక్కుంటూ రాస్తున్నావన్నమాట. ఇంకా మారలేదా నువ్వు!

నీ కల చదివాక అమ్మ గుర్తొచ్చింది. పొద్దున లేవగానే పళ్ళు తోముకోకముందే మన మంచాల పక్కన కూర్చుని, "ఏం కలొచ్చింది, చెప్పండి" అనేది. నాకు ఎప్పుడూ ఏమీ వచ్చేది కాదు. నువ్వు చెప్పిందే కొంచెం మార్చి చెప్పేవాణ్ణి. ఇంట్లో నీ కల అంటే ఆజ్ఞే. నువ్వు కలలో నది దాటితే నేను ఆ వేళ స్నానం ఎగ్గొట్టేవాణ్ణి.

ఈ కల మాత్రం తేలికే అక్కా. నేల తగలకుండా వీధిలో పోవడమంటే ఏమిటి? స్కూటర్! నీలం రంగుది కొందాం. ఎంత పెట్టాలని అడిగావు. కొండ మీద ఖర్చు పెట్టడానికి ఏముంది, ఉన్నదంతా పెడదాం. వాచీ సంగతి మాత్రం మర్చిపో. రిటైరయ్యే గుమాస్తాకి ఇస్తారు వాచీ.

నేనే ఫోన్‌లో దాన్ని అడుగుదామా అనుకున్నాను. తిన్నావా అంటాను. తిన్నానంటుంది. చదువుతున్నావా అంటాను. ఆఁ అంటుంది. ఆ తరవాత ఇద్దరం లైన్లో గాలి చప్పుడు వింటాం. ఆ గాలి నా వైపుదో దాని వైపుదో కూడా తెలియదు.

నీ తమ్ముడు


జూన్ 24, తెల్లవారుతుండగా

తమ్ముడికి,

దీవెనలు. నీ ఉత్తరం కుట్టుగదిలో విప్పలేదు, అక్కడ మెడలు సారస పక్షుల్లా సాగుతాయి. రవికలో దాచుకుని ఇంటికి తెచ్చి, నాలుగు రోజుల కిందట పొద్దున ప్రార్థన తరవాత రెండుసార్లు చదువుకున్నాను. మబ్బు నీ మంచం మీద కూర్చుంటుందన్న చోట మూడోసారి కూడా.

స్కూటర్ వద్దు నాయనా. ఎముకలు విరిగినవాళ్ళ వార్డు దుప్పట్లు బాగుచెయ్యడానికి నా దగ్గరికే వస్తాయి. కట్లకి పట్టుకుని చిరిగిపోతాయి. ఒక్కో చిరుగు చూస్తే ఎవరు ఏ వైపు పడ్డారో చెప్పగలను. వాటిలో సగం స్కూటర్లవే. నేను అతుకు వేసిన దుప్పటి మీద మన పిల్లని పడుకోబెట్టమంటావా?

పైగా దేవుడే వద్దంటున్నాడు. వినాలి నువ్వు. నిన్న రాత్రి అన్నం తింటూ తింటూ గువ్వ ఉన్నట్టుండి, "నాకు నీలం రంగంటే అస్సలు ఇష్టం లేదత్తా" అంది. ఎవరడిగారు? ఆ వేళ నీలం ప్రస్తావనే రాలేదు. నాకు ఒళ్ళు జలదరించింది. మొన్న, "మబ్బు గదిలోకి వస్తే చేత్తో ముట్టుకుంటే తెలుస్తుందా?" అని అడిగింది. దానికి ముందు రోజు, "నాయనమ్మ మిమ్మల్ని పొద్దున్నే కలలు చెప్పమనేదా?" అంది. నేనెప్పుడూ చెప్పిన గుర్తు లేదు. నీ ఆలోచనలు కొండ దిగి దాని మనసులో వాలుతున్నాయి. ఇది ప్రార్థన ఫలం కాకపోతే మరేమిటి?

ఇంకో మాట. పుట్టినరోజు ఒక్క రోజేరా. ఆ ఒక్క రోజు మీద పద్దెనిమిదేళ్ళ బరువూ పెట్టకు. చిన్నదేదో ఇద్దాం, ఆ పిల్ల చేతికి తేలిగ్గా ఉండేది.

మళ్ళీ కలొచ్చింది. మన డాబా మీద ఒక గది. నాలుగు వైపులా కిటికీలే, గోడలు ఎక్కడో గుర్తు లేదు. గువ్వ నిలబడి జుట్టు దువ్వుకుంటోంది. దువ్వెనలోంచి మబ్బు తునకలు రాలుతున్నాయి. నేను మెట్లెక్కుతున్నాను, మెట్లు పరుపుల్లా మెత్తగా ఉన్నాయి, ఎక్కినకొద్దీ దిగబడుతున్నాను. పిలిస్తే అది ఇటు తిరిగి నవ్వింది. నేను ఎక్కడున్నానో దానికి తెలిసినట్టే నవ్వింది.

ఊరికే చెబుతున్నాను. ఇంకెవరికి చెప్పను? మీ బావ ఉన్నప్పుడు ఆయనకి చెబితే, "కడుపు ఉబ్బరం" అనేవారు.

ఇదంతా రాస్తుంటే గువ్వ కాలి బొటనవేలు అటూ ఇటూ కదులుతోంది. అదీ ఏదో కలగంటోంది కాబోలు.

అక్క


జూలై 3, కొండ

అక్కకి నమస్కారం.

"పద్దెనిమిదేళ్ళ బరువు పెట్టకు" అని రాశావు. ఆ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బయటికెళ్ళి వాన కొలిచే గొట్టం చూసి వచ్చి, మళ్ళీ అక్కడే ఆగాను.

నిజమే. ఆ బరువు మోసింది నువ్వు. జ్వరాలు నీవి, బడి గేటు దగ్గర నిలబడటం నీది, రాత్రిళ్ళు దాని పరీక్షలకి మేలుకోవడం నీది. నేను డబ్బు పంపాను, ఆదివారం తిన్నావా అని అడిగాను. ఇప్పుడు పెద్ద కానుక పట్టుకొచ్చి ముందు వరసలో నిలబడతానేమోనని నీకు అనిపించి ఉంటుంది. అనిపించినా తప్పు లేదు. నా కానుక నీ వాచీని మించకూడదనుకుంటే చెప్పు, మానేస్తాను.

కానీ మానలేను అక్కా. అందుకే నీ రెండో కల పట్టుకున్నాను.

డాబా మీద గది కట్టిద్దాం. దాని సొంతం. నాలుగు వైపులా కిటికీలు. తలుపేసుకుంటే ఎవరి చెంచా చప్పుడూ వినపడదు. పుట్టినరోజు నాటికి గోడలు లేచినా చాలు, తాళంచెవి ముందే చేతిలో పెట్టొచ్చు. పొట్టి మేస్త్రీకి కబురు పెట్టాను. గుర్తున్నాడుగా, చిన్నప్పుడు మన పెరట్లో ఇసుకతో కోట కట్టి దాంట్లోనే ఇరుక్కుపోయాడు. ఈ వారంలో వచ్చి కొలతలు తీసుకుంటాడు.

డబ్బుకి నువ్వు భయపడకు. ఈ ఏడాది చివర నేను కొండ దిగాలి, ఆ సంగతి నీకు తెలుసు. దిగకుండా ఇంకో మూడేళ్ళు ఇక్కడే ఉంటానని సంతకం పెడితే ఆఫీసువాళ్ళు పెద్ద మొత్తం ముందే ఇస్తారు. ఈ చలికి ఎవరూ రారు కాబట్టి నన్ను బతిమాలుతున్నారు కూడా. కాగితం తెప్పించాను. బల్ల మీదే ఉంది.

నిన్న వదిలిన బెలూన్ మబ్బులోంచి ఒక్క క్షణం మళ్ళీ కనపడింది. ఎప్పుడూ అలా కనపడదు. మంచి శకునమనుకున్నాను.

తమ్ముడు


జూలై 13

తమ్ముడికి,

దీవెనలు. నాకు కోపం రాదని నువ్వే అందరికీ చెబుతావు. వచ్చింది. ప్రార్థనలో కూర్చున్నా పోలేదు.

ముందు ఆ బరువు మాట. నేనన్నది గువ్వ భుజాల గురించిరా, నీ గురించి కాదు, నా గురించి అసలే కాదు. ముందు వరస, వెనక వరస ఏమిటి? మనం ఫొటో దిగుతున్నామా? నువ్వు నన్ను తప్పుగా చదువుకుంటే సిరా తడిసిందని సరిపెట్టుకుంటాను. కావాలనే అలా చదివితే మాత్రం బాధపడతాను.

పొట్టి మేస్త్రీ శనివారం వచ్చాడు. ఇంకా పొట్టిగానే ఉన్నాడు, పొట్ట మాత్రం పొడుగైంది. టేపు పట్టుకుని డాబా మీద అటూ ఇటూ నడుస్తుంటే గువ్వ కాలేజీ నుంచి వచ్చింది. డాబా తలుపు దగ్గర నిలబడి అతన్ని చూసి, "ఎన్ని కిటికీలు మేస్త్రీగారూ?" అంది. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను గబగబా, "పైకప్పు కారుతోందే, చూడ్డానికొచ్చాడు" అన్నాను. అది తలూపి, "కారేచోట కిటికీలు పెడితే మంచిదే అత్తా" అని లోపలికెళ్ళిపోయింది. మేస్త్రీ మెట్లు దిగుతూ, "మీ మేనకోడలు గట్టిదమ్మా" అన్నాడు. నాకైతే భయమేసింది. దేవుడు ఒక పిల్ల చేత ఇన్ని మాటలు పలికిస్తాడా అని.

ఇక గది. నా కలలకి నువ్వు ఇటుకలు పేర్చకురా. అది కల. లేచి మొహం కడుక్కుంటే పోయేది. నువ్వు చిన్నప్పుడు స్నానం ఎగ్గొట్టడానికి వాడుకున్నావు, పోనీలే అనుకున్నాం. ఇప్పుడు నీ మూడేళ్ళు దాని మీద పెడతానంటే ఎలా ఊరుకోను? మూడేళ్ళ తరవాత ఆ గదిలో గువ్వ ఉంటుందని నీకెవరు చెప్పారు? చదువుకో కొలువుకో ఎక్కడికో పోతుంది. కింద నేను, కొండ మీద నువ్వు, మధ్యలో కిటికీలన్నీ తెరుచుకుని ఖాళీ గది. రాత్రి గాలికి ఆ రెక్కలు కొట్టుకుంటుంటే నేనే మెట్లెక్కి వెయ్యాలి.

నువ్వు దిగిరావాలని నేనెప్పుడూ నోరు తెరిచి అడగలేదు. వస్తే వేరే ఇల్లు తీసుకుంటావేమో, దాన్ని తీసుకెళ్తావేమో, ఈ రెండు గదుల్లో నా మిషన్ చప్పుడొక్కటే మిగులుతుందేమో అని ఒక పిరికితనం. అయినా రోజూ మీ ఇద్దరి పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పుకుంటాను దేవుడికి, మధ్యలో ఊపిరి తీసుకోకుండా.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ ఏడాది దిగి రావాల్సినవాడివి, గది వంక పెట్టుకుని ఎందుకు ఆగుతున్నావు?

అక్క


జూలై 22, కొండ

అక్కకి,

వారం రోజులుగా వాన. జీపు దారిలో చెట్టు పడితే డ్రైవరు నడిచి వచ్చి ఉత్తరం ఇచ్చాడు. చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు పాపం.

నిజం అడిగావు కాబట్టి చెబుతున్నాను. దిగిరావాలంటే నాకు భయం.

దిగొస్తాను. తలుపు తీస్తుంది. తిన్నావా అంటాను. తిన్నానంటుంది. ఆ తరవాత? ఫోన్ అయితే పెట్టెయ్యొచ్చు. ఇంట్లో ఎక్కడికి పోను? ఇక్కడ నాకు గాలితో, గొట్టాలతో, జీపు డ్రైవరుతో మాట్లాడటం వచ్చు. పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లతో ఏం మాట్లాడాలో తెలియదు. దాని పాదం ఎంతుందో తెలియదు. అది ఏ రంగు ఇష్టపడదో నువ్వు రాస్తే తెలిసింది. అంత పెద్ద గది కట్టిస్తే, ఆ గదే నా బదులు ఏదో ఒకటి మాట్లాడుతుందనుకున్నాను.

ఆగస్టు రెండో బుధవారం జీపుకి కాగితం ఇచ్చెయ్యాలి. ఇంకా సంతకం పెట్టలేదు. వాన కొలిచే గాజు గొట్టం దాని మీద బరువు పెట్టి ఉంచాను. పెట్టాలా, వద్దా? ఒక్క మాట రాయి. నీ మాటే నాకు మాట.

తమ్ముడు


జూలై 31, తెల్లవారుతుండగా

తమ్ముడికి,

దీవెనలు. ఈ ఉత్తరం నోట్లో గుండుసూదులు పెట్టుకుని రాస్తున్నాను. నవ్వకు. కుట్టుగదిలో అంచులు మడిచేటప్పుడు పెదాల మధ్య నాలుగు సూదులు పెట్టుకుంటాం. అప్పుడు ఎంత మాట వచ్చినా నోరు కదలదు. ఎందుకో చెబుతాను, నిదానంగా చదువు.

మొన్న పొద్దున, ఇదే బల్ల దగ్గర, నీ ఉత్తరం చదువుకుంటున్నాను. "దిగిరావాలంటే నాకు" అని ఉంది, ఆ తరవాతి మాట పాకిపోయి మచ్చైంది. వెలుతురుకి పెట్టి చూశాను. పనా? పని కాదు. ప్రయాణమా? "దిగిరావాలంటే నాకు ప్రయాణం" అంటే అర్థం లేదు. పంతమా? "దిగిరావాలంటే నాకు పంతం." ఇదేం మాటరా, అక్క మీద నీకు పంతమేమిటి, అని నాలో నేను తిట్టుకుంటున్నాను.

పక్కగదిలో దుప్పటి కింది నుంచి వినపడింది. "భయం అయ్యుంటుంది అత్తా."

ఉత్తరం చేతిలోంచి జారిపోయింది. చూస్తే దుప్పటి కదల్లేదు. బయటున్న కాలు మాత్రం మెల్లిగా లోపలికెళ్ళిపోయింది.

వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. "ఎప్పట్నించి వింటున్నావే?" అన్నాను.

"తమ్ముడికి, అక్క దీవెనలు, ఉత్తరం చూసి కంగారు పడకు" అని మొదలెట్టి జూన్‌లో రాసిందంతా అప్పజెప్పేసింది, చెప్పులు విడిచేవాళ్ళతో సహా. దాని చెవిన పడకూడదని కలం పట్టినదాన్ని, ప్రతి అక్షరం దాని చెవిలో పోశాను. నేను గొణుగుతున్నానని నీకు తెలుసు, నాకు తెలుసు, ఎంత గట్టిగానో ఒక్క దానికే తెలుసు. దేవుడి మాట అనుకుని ఇన్నాళ్ళూ నేను ఒళ్ళు జలదరించుకుంది ఈ గువ్వ కూతలకా!

"ముందే చెప్పకూడదా, దొంగముండా?" అన్నాను.

"చెబితే మానేస్తావుగా. ఫోన్‌లో నాన్నకి నాతో మూడు మాటలే. నీతో ఎంత మాట్లాడతాడత్తా! మబ్బు మంచం మీద కూర్చుని చెప్పకుండా లేచిపోతుందట. నాన్న అలా మాట్లాడతాడని నాకు తెలియనే తెలియదు. నీ గొంతులోనే విన్నాను, అయినా నాన్నే మాట్లాడినట్టుండేది."

దుప్పటి ఇంకా మొహం మీదే ఉంది. అక్కడ గుడ్డ తడిసింది. నేను చూడనట్టు చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

"మరి నీలం రంగు?"

"నాకు నీలమంటే ప్రాణం. ఆ వారం మీరు తేల్చేసుకునేలా ఉన్నారు. అందుకే అలా అన్నాను. మేస్త్రీ వచ్చినప్పుడూ అంతే."

"అసలు నీకేం కావాలే? స్కూటరా, గదా, వాచీయా? ఎంతలో కావాలి?"

దుప్పటి దించింది. అచ్చం మరదలి కళ్ళు. "మీరు ఇంకా తేల్చుకోవద్దు" అంది. "తేల్చుకుంటే ఇంక మీరు రాసుకోవడానికి ఏముంటుంది? పుట్టినరోజు దాటినా సరే, కొట్టుకుంటూనే ఉండండి. నేను నిద్రపోతూనే ఉంటాను."

తమ్ముడూ, లేచి వచ్చి బియ్యం కడిగాను. ఆ రోజు ఆసుపత్రిలో ఒక దుప్పటికి కుట్టిన అంచే మళ్ళీ కుట్టేశాను. మేట్రన్ చూసి విప్పడానికి కత్తెర చేతికిచ్చింది.

ఇప్పుడు నీ ప్రశ్నకి. ఒక్క మాట అడిగావు. వద్దు. సంతకం పెట్టకు. ఆ కాగితం మీద గొట్టం తీసెయ్, మబ్బు వచ్చి కూర్చుంటే అదే చూసుకుంటుంది.

పుట్టినరోజు ముందురోజు జీపులో దిగు. దానికి తెలియకూడదు. ఈసారి నిజంగా తెలియకూడదు, అందుకే ఈ సూదులు. అడగాల్సింది అడిగే ధైర్యం నాకు కూడా ఈ సూదులే ఇచ్చాయి. నువ్వు వచ్చాక వేరే ఇల్లు చూసుకుంటే చూసుకో, ఈ రెండు గదుల్లో ఇరుక్కుంటే ఇరుక్కో. నేను మిషన్ గోడవైపుకి జరుపుతాను.

ఈ కవరులోనే ఇంకో ఉత్తరం ఉంది. అది నిన్న రాసింది. మామూలుగా, పెదాలు కదుపుతూ, ఇంకొంచెం గట్టిగానే. అందులో నేను స్కూటర్‌కి సగం ఒప్పుకున్నట్టూ, రంగు దగ్గర పేచీ పెట్టినట్టూ ఉంటుంది. ఎరుపు కావాలన్నాను. రాస్తున్నంతసేపూ ఆ బొటనవేలు ఆడుతూనే ఉంది. దానికి నువ్వు వెంటనే జవాబు రాయాలి. కాస్త కోపంగా రాయి. ఎరుపేమిటి నీ మొహం, అని రాయి. మధ్యలో బెలూన్ గురించి ఒక ముక్క తప్పకుండా పెట్టు. నేను చదివి వినిపిస్తాను, అంటే చదువుకుంటాను.

వాచీ కొనేశాను. నా సూదుల డబ్బాలో, కుట్టుగదిలో ఉంది. గుమాస్తా అన్నావు, అనుకో. దాన్ని మణికట్టుకి కట్టాల్సింది నువ్వు. చేతులు వణికితే పట్టీకి రంధ్రాలు చాలానే ఉన్నాయి, ఏదో ఒకదాంట్లో పడుతుంది.

ఇక ఆ తరవాత ఏం మాట్లాడాలన్న భయం. తిన్నావా అని మాత్రం అడక్కు. మర్నాడు పొద్దున అది లేవకముందే దాని మంచం పక్కన కూర్చో. అమ్మ కూర్చున్నట్టు. నీకొచ్చిన కల చెప్పు. ఏమీ రాకపోతే నాది కొంచెం మార్చి చెప్పు, నీకు అలవాటేగా. అది కళ్ళు మూసుకునే ఉంటుంది. వింటుంది.

ఈ కాగితాలు దాచుకో, దిగేటప్పుడు సంచి అడుగున పెట్టుకుని తీసుకురా. కానీ దానికి చూపించకు, ఎప్పుడూ. మిగతావన్నీ అది వినేసింది. ఇదొక్కటే మనిద్దరిది.

తెల్లారిపోయింది. నువ్వు ఈపాటికి బెలూన్ వదిలి ఉంటావు. ఇక్కడ గువ్వ దుప్పటి మొహం మీదికి లాక్కుని పడుకుంది. కాలు బయటే ఉంది. బొటనవేలు కదలడం లేదు.

నీ అక్క